ముగింపు వెయ్యని డిస్కు

నర్సుల శిక్షణాలయంలో మా మేనల్లుణ్ణి అందరూ డిస్కు మాస్టారు అంటారు. పాఠం చెప్పేవారు వేరే ఉంటారు. కిటికీలకు నల్లగుడ్డలు దించి, ప్రొజెక్టరు సర్ది, డిస్కు పెట్టి, చెప్పిన చోట ఆపి, మళ్ళీ నడిపించడం వాడి ఉద్యోగం. కట్టు కట్టడం, సూది వెయ్యడం, రోగిని మంచం మీదనుంచి కుర్చీలోకి మార్చడం, ఇలా ఏ చిత్రంలో ఏ చెయ్యి ఎప్పుడు పైకి లేస్తుందో వాడికి కంఠతా వచ్చు. నెత్తురు మాత్రం చూడలేడు. ఆ ఘట్టం రాగానే మాస్టారు గోడవైపు తిరిగి నిలబడతారని విద్యార్థులు ముసిముసిగా నవ్వుకుంటారు.

మనిషి చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పి పెట్టడం మంచిది. తరువాత చెబితే మేనమామ వెనకేసుకొచ్చాడంటారు.

వాడికి ఆ పేరు తెచ్చిపెట్టింది దూరదేశపు ఆసుపత్రి ఒకటి దానంగా పంపిన డిస్కుల డబ్బా. శిక్షణాలయం ప్లేయరు వాటిని ఒక్కొక్కటిగా మింగి, కాసేపు తిప్పి, ఇది ఈ ప్రాంతపు డిస్కు కాదని తెరమీద రాసి బయటకు నెట్టింది. డిస్కులు దారిలో పాడయ్యాయని అందరూ అనుకున్నారు. వీడు ప్లేయరును వెనక్కి తిప్పి చూశాడు. అక్కడ చిన్న భూగోళం బొమ్మ, దానిమీద ఒక అంకె. డిస్కు అట్టమీద కూడా అదే బొమ్మ, వేరే అంకె.

ఇక్కడ నేను కోపం తెచ్చుకోక తప్పదు. సినిమాల కంపెనీలూ యంత్రాల కంపెనీలూ కూడబలుక్కుని లోకాన్ని ఆరు ముక్కలుగా కోసి ముక్కకొక అంకె వేశాయి. ఓడల్లో, విమానాల్లో చూపే డిస్కులకు మరో అంకె. ఒక ప్రాంతానికి అచ్చువేసిన డిస్కు ఇంకో ప్రాంతపు ప్లేయరులో నడవకూడదు. ఎందుకట? ఒక్కోచోట ఒక్కో సమయంలో, ఒక్కో ధరకు అమ్ముకోవడానికి. పుస్తకం కొన్నవాణ్ణి, నీ కళ్ళద్దాలు ఏ దేశంలో చేయించావని అడిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు. డిస్కు కొన్నవాణ్ణి మాత్రం అడిగారు. ఆ ప్లేయరు వచ్చిన అట్టపెట్టె మూత, భూగోళం గుర్తుతో సహా, నా బీరువాలో ఉంది. నమ్మనివాళ్ళకు చూపిస్తాను.

కంప్యూటరులో పెట్టి చూడమన్నారెవరో. కంప్యూటరు ప్రాంతం మార్చుకోనిస్తుంది కానీ అయిదుసార్లే. ఆఖరిసారి ఏ అంకె పెడితే ఇక జీవితాంతం అదే. పాత గుమాస్తా ఒకాయన సరదాగా మార్చి మార్చి ఆ అవకాశాలన్నీ ఖర్చుచేసి బదిలీ అయిపోయాడు. చివరికి వీడే బజారంతా తిరిగి, అన్ని ప్రాంతాల డిస్కులూ నడిపే ప్లేయరు ఒకటి పట్టుకొచ్చాడు. పాఠాలు నడిచాయి. ప్రిన్సిపాలు నలుగురిలో మెచ్చుకున్నారు. ఆనాటి నుంచి వాడికి ఏ డిస్కు ఆగినా అంకె తేడాయే అనిపించేది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, వీడికి లోకమంతా ఆరు ముక్కలుగా కనిపించింది.

ఇక వాడి తల్లి, అంటే మా చెల్లెలు, దర్జీ. శిక్షణాలయం విద్యార్థుల యూనిఫాంలు ఆమె చేతిమీదుగానే వెళ్ళేవి. కాగితం మీద గీసుకోకుండా గుడ్డమీద కత్తెర పెట్టేది. ఆమె ప్రత్యేకత చంక దగ్గర ఉంది. నర్సు చెయ్యెత్తి సెలైను సీసా తగిలించాలి, వంగి రోగిని లేపాలి. ఆమె కుట్టిన చొక్కా చెయ్యి ఎత్తినా పైకి లేచేది కాదు. అక్కడ కత్తెరను ఆపకుండా ఒక్క తిప్పు తిప్పేది. కూతురికి, అంటే డిస్కు మాస్టారి అక్కకు, నా మేనకోడలికి, మాటల్లో చెప్పమంటే చేతులెత్తేసేది. "ఇది చేతికి తెలుసే, నోటికి తెలీదు" అనేది.

ఆ కత్తిరింపును డిస్కుమీద ఎక్కించాలన్న ఆలోచన మేనల్లుడిదే. ఆ మంచి కూడా వాడి ఖాతాలోనే వెయ్యాలి. శిక్షణాలయం కెమెరా అడిగి తెచ్చి, ఇంట్లో ఉన్న రికార్డరుకు తగిలించి, తల్లి ఒక చొక్కా మొదటినుంచి చివరిదాకా కోస్తుంటే తీశాడు. డిస్కు బయటకు తీసేముందు రికార్డరు తెరమీద ఒక ప్రశ్న వేసింది. డిస్కును ముగించాలా? ముగిస్తే ఇక దానిమీద ఇంకేమీ ఎక్కించడానికి వీలుండదని కూడా హెచ్చరించింది. డిస్కులో సగం పైగా ఖాళీ ఉంది. కాలరు కత్తిరింపు కూడా ఎక్కించవచ్చు కదా అని వాడు 'వద్దు' నొక్కాడు. పొదుపు తెలిసిన ఇంట్లో పెరిగినవాడు. ఖాళీ ఉన్న డబ్బాకు మూత బిగించడం వాడికి చేతకాదు.

కాలరు ఎక్కలేదు. ఈలోగా చెల్లెలికి చేతులు వణకడం మొదలైంది. టీ గ్లాసును రెండు చేతులా పట్టుకునే స్థితికి వచ్చింది. కత్తెర కూతురి చేతికి వెళ్ళింది, డిస్కు కూడా వెళ్ళింది. రికార్డరు మాత్రం ఒకే ప్రాంతపు డిస్కులు నడుపుతుందని వీడికి నామోషీ. ఊరందరికీ అంకెలు చెప్పేవాడింట్లో ఒంటి అంకె యంత్రమా అని, దాన్ని బజారులో పాత సామాన్ల మార్పిడి కింద ఇచ్చేసి, అన్ని ప్రాంతాల ప్లేయరుకు పేరు రాయించుకున్నాడు. అది ఎంతకూ రాలేదు.

మేనకోడలి భర్తను ఇంట్లో బండి బావ అంటారు. ఆ బజారు వీధి కొట్లకు సరుకు తోలే బండి అతనిది. మితభాషి. భార్య డిస్కు చూసుకోవడానికి తన కొట్టువాళ్ళ దగ్గరే ఒక ప్లేయరు కొని, ఆ ముచ్చట నలుగురిలో తీరాలని నేరుగా అత్తవారింటికి తెచ్చాడు. డిస్కు పెడితే నడవలేదు. అందరూ మాస్టారి వైపు చూశారు. మాస్టారు ప్లేయరును వెనక్కి తిప్పాడు. నిజంగానే అంకె వేరే ఉంది.

"బావా, ఇది మన నంబరు కాదు. ఎవరో అంటగట్టారు నీకు."

చెల్లెలు నవ్వుతూనే అన్నది: "అల్లుడుగారు బండెడు సరుకు మోస్తారు గానీ, ఇంటికి పనికొచ్చేది ఒక్కటీ తేరు."

బండి బావ ప్లేయరును మళ్ళీ పెట్టెలో పెట్టుకుని, తీసుకుపోయి సరుకులెత్తే కూలీల షెడ్డులో ఇచ్చేశాడు. సరైన అంకె చూసి రెండోది కొన్నాడు. అదీ చదవలేదు. డిస్కును చదివే దాని కన్ను బలహీనమని మాస్టారు తీర్పు చెప్పాడు. ఇక మేనకోడలు అందుకుంది. చవక చూసుకుని కొంటారని, అడిగి కొనరని, అమ్మ చేతిపని ఇంట్లో ఉండి కూడా కంటికి కనపడకుండా చేశారని. ఆ మాటలు గుమ్మం దాటి బజారుకు చేరాయి. కూలీలు అతనికి 'నంబరు తప్పిన బావ' అని పేరు పెట్టారు. క్రమంగా అతను అత్తవారింటికి వచ్చినా భార్యను గుమ్మం దగ్గర దింపి, బండిలోనే కూర్చునేవాడు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు పెద్దలు. ఈ బావమరిది కోరకపోలేదు, అంకె చూశాడు అంతే.

అసలు సంగతి వాడికి శిక్షణాలయంలోనే తెలిసింది. కొత్తగా చేరిన ఉపాధ్యాయురాలు ఒకామె తన ఇంట్లో రికార్డు చేసిన పాఠం తెచ్చి ఇచ్చింది. అన్ని ప్రాంతాలూ నడిపే ఆ గొప్ప ప్లేయరు దాన్ని చదవనన్నది. వీడు అలవాటుగా డిస్కు మీద భూగోళం కోసం వెతికాడు. ఇంట్లో ఎక్కించుకున్న డిస్కుమీద భూగోళం ఎక్కడుంటుంది? ఆమె నొచ్చుకుంటూ, ఫైనలైజ్ చెయ్యడం మరిచిపోయానండీ అని తీసుకెళ్ళి, తన రికార్డరులో ఆ ముగింపు వేసి మర్నాడు తెచ్చింది. చక్కగా నడిచింది. వీడు ఊరుకోలేక, మరి దీని ప్రాంతం సంగతేమిటని అడిగాడు. ఇంట్లో చేసుకున్నదానికి ప్రాంతం ఉండదని, అంకెలన్నీ కంపెనీలు అచ్చువేసే డిస్కులకేనని ఆమె చెప్పింది. ముగింపు పడని డిస్కును సాధారణంగా అది పుట్టిన యంత్రం తప్ప వేరేది చదవలేదని కూడా చెప్పింది.

తెరమీద పాఠం నడుస్తోంది. నెత్తురు లేని పాఠమే. అయినా వాడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

బావ కొన్న రెండు ప్లేయర్లలో దేనికీ ఏ దోషమూ లేదు. అక్క అన్న మాటలు, అమ్మ నవ్విన నవ్వు, బజారు పెట్టిన పేరు, అన్నీ తన వేలు నొక్కిన ఆ 'వద్దు' దగ్గర మొదలయ్యాయి. పైగా దాన్ని సరిచెయ్యగల ఒక్క యంత్రాన్నీ తానే ఇచ్చేశాడు.

అది తెలిసిన తరువాత వాడికి ఎటు చూసినా చంకలే కనిపించేవి. అక్క కుట్టిన కొత్త యూనిఫాంలు వేసుకున్న విద్యార్థులు చెయ్యెత్తినప్పుడల్లా చొక్కా మొత్తం పైకి లేచేది. రెండో చేత్తో కిందికి లాక్కునేవారు. ఒక అమ్మాయికి కుట్టు పిగిలింది. రాబోయే బ్యాచి యూనిఫాంలు వేరే దర్జీకి ఇవ్వాలనుకుంటున్నట్టు ఆఫీసులో అనుకోవడం విన్నాడు. సాయంత్రం అక్క కొట్టుకు వెళితే ఆమె ఒక చొక్కా చెయ్యి విప్పుతూ, మళ్ళీ కుడుతూ, మళ్ళీ విప్పుతూ ఉంది. చెబుదామని నోరు తెరిచి, టీ ఉందా అని అడిగాడు.

చెప్పకుండానే సరిచెయ్యవచ్చునేమోనని కూడా చూశాడు. ఆ పిరికితనాన్ని నేను దాచను. వాడూ నా దగ్గర దాచలేదు. రికార్డరు దొరికితే గుట్టుగా ముగింపు వేసి, ఏదో మందు రాసి తుడిచాను, నడిచింది అని చెప్పేద్దామని మార్పిడి కొట్టుకు వెళ్ళాడు. పాత సామానంతా ఊరి చివర గోడౌనుకు పోతుందనీ, గుట్ట పెరిగినప్పుడు తుక్కువాళ్ళు వచ్చి ఎత్తుకుపోతారనీ, మొన్ననే ఒకసారి ఎత్తారనీ కొట్టతను చెప్పాడు. తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగాడు వీడు.

"మీ బావ దగ్గరేగా. ఆ సామాను తోలేది ఆయనే. ఇంట్లో మనిషిని పెట్టుకుని నన్నడుగుతావేంటి మాస్టారూ?"

ఆ వీధిలో బండి బావ సరుకు దింపించి, నీడకు ఆపి, అద్దం తుడుచుకుంటున్నాడు. వీడు వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఎక్కి కూర్చోమన్నాడతను, ఎండలో నిలబడి మాట్లాడొద్దన్నాడు. వీడు కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ప్రశ్న, తాను నొక్కిన జవాబు, అంకెల పేరుతో చెప్పిన తీర్పులు, ఇచ్చేసిన రికార్డరు. చెబుతున్నంతసేపూ అతను అద్దంమీద ఒకే చోట గుడ్డతో రుద్దుతూ ఉన్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"చాలా రోజులైంది, బావా."

"మీ అక్కకి తెలుసా?"

"లేదు."

"అత్తయ్యకి?"

"తెలీదు."

అతను గుడ్డ మడిచి పెట్టాడు. "మరి ముందు నాకెందుకు చెప్పావు? నాకు అన్యాయం చేశానని చెప్పావా, గోడౌను తాళం నా దగ్గరుందని చెప్పావా?"

వీడు బండి నేలవైపు చూస్తూ అన్నాడు: "తాళం కోసమే, బావా."

"సరే. ఇదైనా నిజం చెప్పావు." అతను బండి తాళం తిప్పాడు. "నేను వెతుకుతాను. కానీ ముందు ఇంట్లో చెప్పు. దొరికాక చెబితే అది చెప్పినట్టు కాదు, బహుమతి ఇచ్చినట్టు."

ఆ మాట నా మేనల్లుడు నాకు చెప్పినప్పుడు నేను చదువుతున్న పుస్తకం మూసేశాను. అంతకంటే మంచి వాక్యం ఆ రోజు అందులో దొరుకుతుందన్న ఆశ లేకపోయింది.

అలా యంత్రం దొరుకుతుందో లేదో తెలియకుండానే వాడు తల్లినీ అక్కనూ ఒకచోట కూర్చోబెట్టి చెప్పవలసి వచ్చింది. తప్పు బావది కాదన్నాడు, ప్లేయరుది కాదన్నాడు. డిస్కు ఇక ఎప్పటికీ నడవకపోవచ్చని కూడా అన్నాడు. చెల్లెలు గ్లాసు కింద పెట్టబోయి, చెయ్యి వణికి, కొంచెం ఒలకబోసింది. ఒలికినదాన్ని కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. మేనకోడలు తిట్టలేదు. వాడు తిట్లకు సిద్ధపడి వచ్చాడు కాబట్టి అదే కష్టమైంది.

"నువ్వు తప్పు ఒప్పుకుని లేచి వెళ్ళిపోతావు. నేను ఆయన్ని అన్న మాటలు ఎవరు వెనక్కి తీసుకుంటార్రా?" అన్నది చివరికి. "రోజూ అన్నాను. అన్నం పెడుతూ కూడా అన్నాను."

 

బండి బావ సరుకు తోలడం అయ్యాక, మిగిలిన వేళల్లో గోడౌనులో గుట్ట తిరగవేశాడు. వీడు కూడా వెళ్ళి మోశాడు. పగిలిన టీవీలు, మెడ విరిగిన ఫ్యాన్లు, తలుపు ఊడిన ఓవెన్లు ఒక గోడ నుంచి ఇంకో గోడకు మార్చారు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. వీడు ఎత్తలేని బరువు వచ్చినప్పుడు అతను రెండోవైపు పట్టేవాడు, అంతే. రికార్డరు ఒక పాత కుట్టుమిషను బల్ల కింద, మూత సొట్టపడి, డిస్కు పెట్టే సొరుగు ఒకవైపు వంగి దొరికింది. దాని వెనక ఉన్న భూగోళాన్ని వీడు చూడలేదట. దుమ్ము మాత్రం తుడిచాడట.

రికార్డరును చెల్లెలి ఇంట్లో టీవీకి తగిలించారు. అన్నాళ్ళ తరువాత బండి బావ గుమ్మం దాటి లోపలికి వచ్చి, గోడ పక్కన నిలబడ్డాడు. తన రెండో ప్లేయరును కూడా పెట్టెతో సహా చంకన పెట్టుకొచ్చాడు. సొరుగును చేత్తో లోపలికి తోస్తే గానీ కదలలేదు. కాసేపు మూలిగి, డిస్కును గుర్తుపట్టి, రికార్డరు మళ్ళీ ఆ పాత ప్రశ్నే అడిగింది. వీడు రిమోటును అక్క చేతికి ఇవ్వబోయాడు.

"నువ్వే నొక్కు. మొదట నొక్కింది నువ్వే కదా" అన్నదామె.

నొక్కాడు. తెరమీద ఒక నీలం గీత మెల్లగా సాగుతుంటే, అది సగంలో ఆగిపోతుందేమోనని ఎవరూ కదలలేదు. గీత నిండింది. డిస్కును తీసి బావ ప్లేయరులో పెట్టారు. బలహీనమని తీర్పు పడిన ఆ కన్ను, ఒక్క క్షణం ఆలోచించి, బొమ్మ చూపించింది.

తెర నిండా మా చెల్లెలి మొహమే. కింద ఎక్కడో కత్తెర చప్పుడు. మేనకోడలు నిట్టూర్చింది. వీడు తెర దగ్గరికి జరిగాడు. అన్నీ అయ్యాక తాను తీసింది అమ్మ మొహాన్నా? ఇంతలో తెరమీద ఉన్న చెల్లెలే తలెత్తింది.

"ఏరా, నా మొహంలో ఏముందిరా? కత్తెర చూపించు."

కెమెరా గతుక్కుమని కిందికి దిగింది. వణుకులేని రెండు చేతులు, మడత పెట్టిన తెల్లగుడ్డ. చంక దగ్గరికి రాగానే కత్తెర ఆగకుండా, బొటనవేలు ముందుకు జరిగి, గుడ్డే తిరిగినట్టు తిరిగింది. "ఆపు" అన్నది మేనకోడలు. "వెనక్కి. మళ్ళీ. ఇంకా నెమ్మదిగా." చెప్పిన చోట ఆపడం వాడికి చేతనైన పని. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు వేశాడు. ఆమె ఒళ్ళో పాత గుడ్డ పెట్టుకుని కత్తెర తిప్పుతూ చూసింది. "కత్తెర కాదమ్మా తిప్పేది, ఎడంచేత్తో గుడ్డ తిప్పుతున్నావు" అన్నది తల్లితో. "అవునా?" అన్నది మా చెల్లెలు ఆశ్చర్యపోతూ.

తరువాత తన వణికే చేతులు ఒళ్ళో దాచుకుని, గోడవైపు తిరిగింది. "అల్లుడుగారూ, ఇటొచ్చి కూర్చోండి. అక్కడినుంచి కనపడదు."

"కనపడుతోందత్తయ్యా" అన్నాడతను. అని, వచ్చి కూర్చున్నాడు.

యూనిఫాంల పని మేనకోడలి దగ్గరే నిలిచింది. కానీ ఆ కథ అక్కడితో అయిపోయిందని నా మేనల్లుడు అనుకోలేదు. ఇంట్లో చెప్పినది ఇంట్లోనే ఉంటుంది, బజారు పెట్టిన పేరు బజారులోనే ఉంటుంది. ఒకనాడు బావను వెతుక్కుంటూ కూలీల షెడ్డుకు వెళితే, అక్కడ ఆ మొదటి ప్లేయరు నిక్షేపంగా ఎవరింటిదో పెళ్ళి డిస్కు నడుపుతోంది. వాడు గుమ్మంలో నిలబడిపోయాడు. బావ లోపల గ్లాసులు కడిగి టీ పోస్తున్నాడు.

"రండి మాస్టారూ" అన్నాడు ఒక పెద్ద కూలీ నవ్వుతూ. "మా నంబరు తప్పిన బావ ఇచ్చిన పెట్టె ఇదే. మీరు చెప్పండి, ఇది మంచిదా, చెడ్డదా?"

"మంచిదే" అన్నాడు వాడు. "దీని నంబరుకూ మా డిస్కుకూ సంబంధమే లేదు. బావ ఏమీ తప్పుగా కొనలేదు. డిస్కు చెడగొట్టింది నేను. తెలిసి కూడా చాలా రోజులు నోరు మూసుకున్నాను. ఆయనకు ఆ పేరు తెచ్చింది నేను."

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. పెళ్ళి డిస్కులో మాత్రం ఎవరో నవ్వుతున్నారు. పెద్ద కూలీ బండి బావ వైపు చూశాడు, ఏమంటాడోనని.

అతను తలెత్తలేదు. ఒక గ్లాసు బావమరిది వైపు జరిపాడు.

"టీ చల్లారుతోంది" అన్నాడు.